బెంచి దిగిన జడ్జి

“మీరు మా కేసు వినొద్దండీ!”

కోర్టు హాలు బిత్తరపోయింది. లాయరమ్మ మోచేయి పట్టి లాగినా టైలరమ్మ కూర్చోలేదు.

టైలరమ్మా, నర్సూ పదకొండేళ్లుగా కలిసి కాపురం ఉంటున్నారు. నిరుడు నర్సుకు ఆపరేషనప్పుడు, సంతకం పెట్టబోయిన టైలరమ్మను “నువ్వేమవుతావు?” అని ఆసుపత్రివాళ్లు బయటికి పంపేశారు. ఏళ్ల తరబడి గడప తొక్కని నర్సు అన్న వచ్చి పెట్టాడు సంతకం.

ఆ మంటతోనే, తమ పెళ్లిని చట్టం ఒప్పుకోవాలని ఇద్దరాడవాళ్లూ హైకోర్టుకెక్కారు.

ముగ్గురు జడ్జీల బెంచి. నడుమ కూర్చున్నాయన్ని అందరూ ‘చాదస్తం జడ్జి’ అంటారు.

“ఎందుకు వినకూడదమ్మా?” అన్నాడాయన.

“మీ తీర్పులన్నీ చదివించుకున్నాను. పెళ్లంటే తరతరాల కట్టు, దాంతో ఆటలొద్దని పదిచోట్ల రాశారు. మీ దగ్గర మాకు న్యాయమా? ఎలుకకు పిల్లి సాక్ష్యమన్నట్టుంది!”

“రాసింది నేనే.” ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “కానీ నమ్మకం లేనిచోట నేను కూర్చోవడం తప్పు.”

ఫైలు మూసి, బెంచి దిగి వెళ్లిపోయాడు.

“తొందరపడ్డారు. ఆయన మనసులో ఏముందో ఎవరికి తెలుసు?” అంది లాయరమ్మ.

“మొహం మీదే రాసుంది కదండీ!”

ఆయన బదులు వచ్చిన జడ్జికి అభ్యుదయవాది అని పేరు. టైలరమ్మ ఆ పూట కడుపునిండా తిన్నది.

తీర్పు వచ్చింది. ఒకరు ఔనన్నారు, ఇద్దరు కాదన్నారు. కాదన్నవాళ్లలో అభ్యుదయవాదీ ఉన్నాడు. ‘మీ బాధ న్యాయమైనదే. కానీ చట్టం మార్చడం చట్టసభల పని, మాది కాదు’ అని తియ్యగా రాశాడు.

ఆరునెలలు గడిచాయి. జాకెట్టు నమూనా కత్తిరించడానికి బల్ల మీద పేపరు పరిచిన టైలరమ్మకు చాదస్తం జడ్జి ఫొటో కనిపించింది. పోయాడట.

“పీడ విరగడైంది,” అంటూ కత్తెర అందుకుంది.

“ఆగవే!” నర్సు పేపరు లాక్కుంది. ఫొటో కింద ఇంటివాళ్లు వేయించిన నాలుగు ముక్కలు చదువుతూ చదువుతూ గోడకు జారగిలబడింది.

“ఏముందే అందులో?”

నర్సు పైకి చదివింది: “ముప్పయ్యేళ్లుగా తన అక్కతో కాపురం చేస్తున్న నన్ను, ఊరంతా వెలేసినా, నలుగురిలో నోరారా ‘వదినా’ అని పిలిచిన నా మరిదికి కన్నీళ్లతో.”