అరిగిన పక్క

"పదివేల సార్లు నొక్కిన్రు దీన్ని. తక్కువంటే పదివేలు," అన్నాడు తుపాకుల మిస్త్రీ, విప్పిన రివాల్వర్ ముక్కల్ని ఒక్కొక్కటే గుడ్డ మీద పరుస్తూ. ముప్పై ఏళ్లుగా, వలసొచ్చిన మన నేతవాళ్ల మధ్య ఉండి తెలుగు పట్టుబడిన ముసలాయన, అందరికీ చాచా.

ఆగయ్య సేటు మెల్లగా తల తిప్పి, పక్కన నిలబడ్డ పరుశురాం వైపు చూశాడు. రివాల్వర్ సేటుది, లైసెన్సూ సేటుదే. లింబాయత్‌లో ఆయన చీరల దుకాణం గుమ్మంలో దాన్ని నడుముకు పెట్టుకుని పొద్దంతా కాపలా కూర్చునేది మాత్రం పరుశురాం. ఇప్పుడు వాడి కుడి నడుముకు ఖాళీ తోలు ఒర వేలాడుతోంది.

"ఎనిమిదేండ్ల సంది ఒక్క గోలీ పేలలే. పదివేలంట. ఏందిరా ఇది?"

"నాకేం ఎరుక సేటూ."

"గోలీలు పేల్చలే సేఠ్," అన్నాడు చాచా. "గొట్టం చూడు, కొత్త గాజు తీరుగ మెరుస్తుంది. ఖాళీ తుపాకినే టక్కుటక్కున కొట్టిన్రు. స్ప్రింగు సచ్చిపోయింది, పిన్ను మొద్దువారింది. ఇట్లనే ఉంచితే అవసరం పడ్డనాడు టక్కుమంటది గని పేలది. ముందే తెచ్చి మంచి పని చేసిన్రు."

తెచ్చింది పరుశురామే. నడుం పట్టేసేదాకా సేటు మగ్గాల షెడ్డులో ఇరవై రెండేళ్లు మెకానిక్ పని చేసినవాడు. మగ్గంలో నాడెను కొట్టే పికరు విరిగిపోయాక మార్చేవాడు మెకానిక్కే కాదని వాడి లెక్క. చప్పుడు మారగానే మార్చేసేవాడు. అట్లాగే ఈమధ్య రివాల్వర్ తుడుస్తుంటే ట్రిగ్గర్ వేలికి వదులుగా తగిలింది. "స్ప్రింగు మార్పిద్దాం సేటూ" అని నెలరోజులు వెంటబడ్డాడు. "వాడని దానికి అరుగుడేంది" అని సేటు నెలరోజులూ దాటేశాడు.

"ఇప్పుడు సమజైంది," అన్నాడు ఆగయ్య. "గుమ్మంల పొద్దువోక సినిమా హీరో లెక్క ఆడుకున్నవ్. అరగ్గొట్టింది నువ్వే, మార్పియ్యమన్నది నువ్వే."

"ఎములాడ రాజన్న మీద ఒట్టు సేటూ, తుడుసుడు తప్ప నేను ట్రిగ్గర్ నొక్కి ఎరుగ. పగటీలి బువ్వకు పోయేటప్పుడు గూడ గోలీలు తీసి, తుపాకి గోలీలు రెండూ మీ డ్రాయరుల్నే పెట్టి పోతగదా."

"అడ్డం మాట్లాడకు. రేపటి సంది డ్యూటీకి రాకు. ఆడుకునేటోని చేతుల తుపాకి పెడితే ఏదో ఒకనాడు నన్నే కాలుస్తవ్. మనోళ్లందరికీ చెప్త."

పాపం, పరుశురాం మొహంలో నెత్తురు లేదు. నడుం పోయినవాణ్ని ఏ మగ్గం దగ్గరా నిలబెట్టరు. తుపాకీతో ఆడుకుంటాడన్న పేరు వచ్చిందా, ఇటు సచిన్ మిల్లుల నుంచి అటు కడోదరా మిల్లుల దాకా ఏ గేటు ముందూ కుర్చీ వెయ్యరు. అయినా వాడు కాళ్లు పట్టుకోలేదు. ఆగిన మగ్గం మీదికి వంగినట్టే గుడ్డ మీదికి వంగాడు.

"చాచా, గా కొక్కెం జర ఇటియ్యి."

ట్రిగ్గర్ నొక్కే ముందు ప్రతిసారీ తుపాకీ వెనక బొటనవేలితో కిందికి లాగే కొక్కెం అది. వేలు జారకుండా దాని మీద సన్నటి గీతలుంటాయి. పరుశురాం దాన్ని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"హ్యాండిలు చూసి ఆ మగ్గం ఎవలు నడుపుతున్నరో చెప్పేటోన్ని సేటూ. చెయ్యి ఏ దిక్కుకెల్లి వస్తే ఆ దిక్కే అరుగుతది. చాచా, కుడిచేత్తోని పట్టుకుంటే బొటనేలు ఎటుకెల్లి వస్తది?"

చాచా ఖాళీ చట్రాన్ని కుడిచేత్తో పట్టి చూపించాడు. "ఎడమ దిక్కుకెల్లి."

"మరి ఎడమ దిక్కు గీతలు కొత్తగనే ఉన్నయి. కుడి దిక్కువి నున్నగైనయి."

చాచా కళ్లద్దాలు పైకి నెట్టి చూశాడు. తర్వాత పరుశురాం కుడి నడుముకున్న ఒర వైపు చూశాడు. "సచ్ బాత్. ఇది ఎడమచేతి వాటం మనిషి పని సేఠ్. ఈయనది కాదు."

ఆగయ్య గొంతు సవరించుకున్నాడు. "సరే, పోనియ్యి. అయిందేదో అయింది. రేపు డ్యూటీకి రా పరుశురాం. చాచా, లోపటియన్నీ కొత్తయి ఎయ్యి."

"ఏస్త. మార్చిన సామానుకు లైసెన్సు ఉన్నాయన దస్కత్ గావాలె," అంటూ చాచా పుస్తకం ముందుకు తోసి, దాని మీద పెన్ను పెట్టాడు.

ఆగయ్య పెన్ను ఎడమచేతిలోకి తీసుకుని వంగాడు, ఆగాడు, దాన్ని కుడిచేతికి మార్చుకుని, అప్పుడే పలక పట్టిన పిల్లాడిలా వంకరటింకరగా సంతకం పెట్టాడు.