ఆకుపచ్చ చుక్క

హలో, వినబడుతోందా అండీ? అందరూ బాగున్నారా? ఖతార్‌లో చలి మొదలైంది, మనవాళ్ళు కారు వెనక కారవాన్ తగిలించుకుని ఎడారికీ, సముద్రం ఒడ్డుకీ బయల్దేరుతున్నారు. అందుకే ఈ కథ. కాసేపు లైన్లో ఉండండి.

"వేలెడంత పిన్ను! అది పెట్టడం మర్చిపోయావు. మనుషుల ప్రాణాలంటే లెక్కలేదా నీకు?"

ఇండస్ట్రియల్ ఏరియాలోని వర్క్‌షాపులో రామకృష్ణారావు అరుస్తుంటే ముజఫ్ఫర్ అలీ తలవంచుకుని నిలబడ్డాడు. బోధన్ నుంచి వచ్చిన మనిషి. కార్లకు కారవాన్లు తగిలించే పనిలో ఇరవై రెండేళ్ళుగా ఒక్క మాట పడలేదు. చుట్టూ పనివాళ్ళు స్పానర్లు పక్కన పెట్టి మరీ చూస్తున్నారు.

"తప్పయింది సార్."

"తప్పయిందా? దుఖాన్ రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగగానే కారవాన్ ఊడిపోయింది. గొలుసులు పట్టి ఆపాయి కాబట్టి సరిపోయింది. నేను బ్రేకు తొక్కితే మా అమ్ము నుదురు సీటుకి కొట్టుకుంది. ఆరేళ్ళ పిల్లకి మూడు కుట్లు!"

"పాప ఇప్పుడెట్లున్నది సార్?"

"నువ్వడక్కు!"

రామకృష్ణారావు తనను తీసుకొచ్చిన స్నేహితుడి కారెక్కి విసురుగా వెళ్ళిపోయాడు. ఫోర్‌మన్ లియాఖత్ అలీ ముజఫ్ఫర్ దగ్గరికి వచ్చాడు.

"నిజం చెప్పు భాయ్. పిన్ను పెట్టినవా, లేదా?"

"పెట్టిననే అనుకుంటున్న."

"అనుకునుడేంది? యాదికి లేదా?"

వాళ్ళకి కారవాన్ తగిలించిన ఆ శుక్రవారం ముజఫ్ఫర్‌కి బాగానే గుర్తుంది. సెలవైనా, తెలుగువాళ్ళు కదా అని వచ్చాడు. కారు వెనక ఇనుప గుండుకి గ్రీజు రాశాడు. దాని మీద కారవాన్ మూతిని దించి లాకు వేశాడు. జాకీతో మూతిని పైకెత్తితే కారు వెనక భాగం కూడా లేచింది. అంటే పట్టు గట్టిగానే ఉంది. గొలుసులు రెండూ కిందనుంచి అడ్డంగా తగిలించాడు. ఇక ఆ లాకు దానంతటది తెరుచుకోకుండా చిల్లులో దూర్చేదే పిన్ను. దూరం నుంచి చూసినా కనబడాలని ప్రతి పిన్నుకీ ఆకుపచ్చ పెయింట్ చుక్క పెట్టడం అతని అలవాటు. ఆ పొద్దున కూడా పెట్టాడు.

రామకృష్ణారావు భార్య అరుంధతి అప్పటికే సంచీలోంచి కొబ్బరికాయ, కర్పూరం, నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు తీస్తోంది.

"పదిన్నరకి రాహుకాలం అండీ, త్వరగా కానివ్వండి. అయ్యో, దారం ఇంట్లోనే మర్చిపోయాను."

"ఏదో ఒకటి చూద్దాంలే. అయినా ఇంజనే లేని బండికి పూజేమిటే?"

"ఇంజను లేకపోతే దిష్టి తగలదా? మీకూ లేదుగా, ఎంతమంది కళ్ళు పడట్లేదు?"

అమ్ము పకపకా నవ్వింది. ముజఫ్ఫర్‌కీ నవ్వొచ్చింది.

"పూజ చేస్కోండమ్మా. నేను చేతులు కడుక్కొని వస్త. వచ్చినంక ఒక్కసారి చూస్త, అప్పుడు పోండి."

ఏ బండైనా కదిలేముందు గుండు, లాకు, పిన్ను, గొలుసులు, లైట్ల వైరు వరసగా చేత్తో తడిమి చూసేవాడు. దానికి ఆఖరి సలాం అని పేరు పెట్టుకున్నాడు. ఆ రోజు గ్రీజు వదిలించుకుని వచ్చేసరికి నేల మీద కొబ్బరినీళ్ళ తడే ఉంది, బండి లేదు. రాహుకాలానికి ముందే గేటు దాటేశారు. ఫోన్ చేసి ఆపొచ్చు. మంచి టైమని పోయినోళ్ళను మళ్ళీ వెనక్కి పిలవడం ఎందుకులే అనుకున్నాడు. అదే ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంటోంది.

"చుక్క పెట్టింది యాదికున్నది," అన్నాడు లియాఖత్‌తో. "పిన్ను పెట్టినట్టే ఉన్నది. గని మొన్న అద్దాలు నెత్తి మీద పెట్టుకొని రూమంత వెతికిన. ఈ చేతులను ఎట్ల నమ్మాలె?"

"ఊడ్చిన చెత్తల పోయుంటది. వయసు భాయ్, ఏం చేస్తం. రేపటి సంది నువ్వు టైర్ల కాడ ఉండు."

ఆ మాట మెల్లగానే అన్నాడు. అందరికీ వినబడింది.

ఆ తర్వాత ముజఫ్ఫర్ క్యాంపులో ఎవరి కళ్ళలోకీ చూడలేదు. రూముకి తాళం వేసి నాలుగుసార్లు లాగి చూసేవాడు, అయినా అనుమానమే. వారం తిరక్కుండానే బోధన్‌లో ఉన్న భార్య మెహర్ సుల్తానాకి ఫోన్ చేశాడు.

"వచ్చేస్తున్న. ఇగ చాలు."

"ఆడ ఏమైందండీ? ఎవరన్న ఏమన్న అన్నరా?"

"ఎవరేమనలే. నేనే పనికిరాకుండ పోయిన."

ఇక మిగిలింది చిన్న ముక్కే. అది చెప్పగానే లైన్ పెట్టేస్తా, అందుకని ఇప్పుడే అడుగుతున్నా. కారవాన్ బిగించేవాళ్ళూ లాక్కెళ్ళేవాళ్ళూ మీ గ్రూపుల్లో ఉంటే ఈ కథ వాళ్ళకి తప్పకుండా పంపండి.

విమానం ఎక్కే ముందురోజు ముజఫ్ఫర్ ఒక బొమ్మ కొని రామకృష్ణారావు ఇంటికి వెళ్ళాడు. గేటు దగ్గరే అమ్ము ఎదురొచ్చింది. నుదుటి మీద కుట్ల గీత చూసి అతను వంగి బొమ్మ అందించాడు.

"నొప్పి పోయింది తాతా," అంది ఆ పిల్ల బొమ్మ అందుకుని.

"మాఫ్ చెయ్యి బేటా."

అరుంధతి టీ తాగి వెళ్ళమంది. వద్దన్నాడు. రామకృష్ణారావు బయటికొచ్చి అతని భుజం తట్టాడు.

"పోనీలే భాయ్, మనిషన్నాక మరుపు సహజం. నేనూ నాలుగు మాటలు ఎక్కువే అన్నాను. నీ పొరపాటుకి ఆ రోజే మా పని అయిపోవాల్సింది. మా ఆవిడ కట్టించిన దిష్టి దండే కాపాడింది. ఎండిపోయినా దాన్ని తీయనివ్వట్లేదు. అదిగో, కారు ముందు చూడు. దారం లేకపోయినా నా చేత్తో నేనే తగిలించాను!"

ముజఫ్ఫర్ అద్దాలు సర్దుకుని వంగి చూశాడు.

ఎండిన నిమ్మకాయలో గుచ్చి ఉంది, ఆకుపచ్చ చుక్క పిన్ను.