పేరు రాయని చీటీ

మెట్టుగూడ చర్చిలో ప్రార్థన చీటీలు చదివేది మా నాన్న యెషయాగారే. అది తెలిసీ ఎడమచేత్తో రాసి పెట్టెలో వేశాను: "సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, చెవులు వినబడని పిల్లల మిషన్ బడిలో చేరమని దేవుడు పిలుస్తున్నాడు. నాన్నకు చెప్పే ధైర్యం కోసం ప్రార్థించండి."

హైటెక్ సిటీలో నా ఉద్యోగం గురించి మౌలాలి దాకా చాటింపు వేసిన మనిషాయన.

ఆదివారం నా చీటీ గట్టిగా చదివారు. "పేరు రాయలే. నాన్నంటే మస్తు భయమున్నట్టుంది పాపం!"

అందరూ నవ్వారు. ఆయన చీటీ వెనక్కి తిప్పారు. అప్పుడు గుర్తొచ్చింది, అది మా కంపెనీ పేరు అచ్చేసిన కాగితం. చర్చి మొత్తంలో ఆ కంపెనీలో పనిచేసేది నేనొక్కదాన్నే.

నాన్న కళ్ళజోడు తుడుచుకుని, పెట్టెలోంచి ఇంకో చీటీ తీశారు.

"ఇది సుత పేరు లేనిదే. ఎవరో తండ్రి రాసిండు. బిడ్డ ఉద్యోగం గురించి ఊరంతా గొప్పలు చెప్పుకున్నడంట. ఇగ బడి గురించి అంతకంటే ఎక్కువ చెప్పుకోవాలె. జెర గొంతు సరిపోయేటట్టు ప్రార్థన చేయుండ్రి."

ఆరాధన అయ్యాక ఆ రెండో చీటీ ఆయన చేతిలోంచి లాక్కుని చూశాను.

రెండు వైపులా ఖాళీ.