ఉల్లికోడు తినని దుబ్బు

దుబ్బు లేదు.

మోతె దాటాక తండా పక్కనున్న మడి అది. గట్టు మీద నుంచి చేయి చాపితే అందే చోట ఉండాల్సిన వరి దుబ్బు లేదు. అక్కడ పిడికెడు బూడిద ఉంది. వరి శాస్త్రవేత్త డాక్టర్ పుష్పలత వంగి ఆ బూడిదను వేలితో కెలికింది, అందులోంచి మొక్క లేచి నమస్కారం పెడుతుందేమోనన్నట్టు.

"ధన్‌సింగూ! ఇక్కడి దుబ్బేదీ?"

ఆ మడి రైతు ధన్‌సింగ్ తన భార్య సాలి వైపు చూశాడు. సాలి ముఖంలో అప్పజెప్పిన పని పూర్తి చేసినవాళ్ల తృప్తి.

"పీకి కాలవెట్టినం డాక్టరమ్మా. కిరసనాయిలు గూడ పోసినం."

రేషన్ కిరసనాయిలు. అంత శ్రద్ధ.

పుష్పలత గట్టు మీద కూలబడింది. ఆ వానాకాలం చుట్టుపక్కల వరినంతా ఉల్లికోడు పురుగు తినేసింది. అది పడితే కంకి రావలసిన చోట ఉల్లికాడలాంటి గొట్టం వస్తుంది, గింజ రాదు. ఈ మడిలో ఆ ఒక్క దుబ్బే ఏమీ పట్టనట్టు పచ్చగా నిలబడింది. అప్పటికింకా కంకి ఈనలేదు. పోయినసారి వచ్చినప్పుడు దాని ఆకులు కోసుకెళ్లి హైదరాబాదు ల్యాబులో డీఎన్ఏ తీసి చూస్తే, ఆ పటంలో మిగతా వరిలో లేని గీత ఒకటి కనిపించింది. పురుగును తట్టుకునే జన్యువు ఆ దరిదాపుల్లోనే ఉండాలి. కానీ ఆ గుణాన్ని ఇంకో వరికి ఎక్కించాలంటే గింజలు కావాలి. గింజ ముదిరాక కోసుకుందామని ఇవాళ వచ్చింది.

"ఎందుకు కాల్చారు?"

"రోగమున్నదాన్ని ఉంచుకుంటమా?" అంది సాలి.

"రోగమా? మడి మొత్తంలో రోగం లేనిది అదొక్కటే!"

"గదే గదమ్మా. అన్నీ పాడైపొయ్యి ఇదొక్కటి బలిసిందంటే, అన్నిటి తిండి ఇదే తిన్నట్టు. గంతేగాక మీరు మిగతావాటిని ఉత్త చేతుల్తోని ముట్టిన్రు. దీన్ని మాత్రం తొడుగులేస్కొని ముట్టి, ఐసు డబ్బల పెట్టుకపోయిన్రు."

"నా చేతి మురికి దానికి అంటకూడదని!"

"మీ చేతులకేం మురికమ్మా" అంది సాలి మర్యాదగా.

ధన్‌సింగ్ అందుకున్నాడు. "పోయినేడు మా ఆవు సచ్చిపోతే పశువుల డాక్టరు గిట్లనే వచ్చిండు మేడం. తొడుగులేస్కొని చెవి ముక్క కోసి, ఐసు డబ్బల ఏసుకొని, మిగతాది కాలవెట్టుమన్నడు. లేకుంటే మంద మొత్తం ఖతమన్నడు."

"నేను కాల్చమనలేదుగా!"

"దీనికేమైంది మేడం అని అడిగిన. ఏం లేదులే అన్నరు. దవాఖానల డాక్టరు మొఖం తిప్పుకొని ఏం లేదులే అన్నడంటే, ఉన్నట్టే గద?"

 పుష్పలత ఆ మాట అన్నది నిజమే. అసలు సంగతి చెబితే ధన్‌సింగ్ నోట పడి ఊరంతా తెలుస్తుందని, అక్కడి నుంచి ఇంకో ల్యాబుకు పాకుతుందని భయపడింది. రహస్యం మాత్రం చెక్కుచెదరలేదు. మొక్కే లేదు.

ఇప్పుడు అన్నీ చెప్పింది. పురుగు సంగతి, గీత సంగతి, గింజల సంగతి. సాలి ముసుగు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ముందుగాల్నే ఒక్క మాట చెప్పకపోతిరి మేడం" అన్నాడు ధన్‌సింగ్. "మంచమేస్కొని కావలి ఉందును."

 తర్వాత తల గోక్కున్నాడు.

"అయినా అది మా విత్తనం గాదు. మా బామ్మర్ది గోప్యా కాడ తెచ్చిన వడ్లల్ల కలిసొచ్చింది. మిర్యాలగూడ దిక్కు కాల్వ కింద, ఇంటి తిండికని ఆయనకు మడి మొత్తం గదే ఉంటది."

"మడి మొత్తమా?" పుష్పలత లేచి నిలబడింది. "దానికి ఉల్లికోడు?"

"ఏనాడు రాలే."

"ఐలన్నా, బండి తియ్యి! మిర్యాలగూడ!" అని డ్రైవర్‌ను కేకేస్తూ జీపు వైపు పరుగెత్తింది. చెప్పు ఒకటి మడిలోనే ఉండిపోయిందని కూడా చూసుకోలేదు.

సాలి ఆ చెప్పు పట్టుకుని వెనకాలే వచ్చింది. జీపు దగ్గర నిలబడింది కానీ, చెప్పు ఇవ్వలేదు.

"పోవద్దమ్మా" అంది నేల చూస్తూ. "మీరు ఆకు తీస్కపోయిన తెల్లారే తమ్మునికి కబురు పంపిన. మడితోని ఇంట్ల విత్తనాలు గూడ కాలవెట్టుమన్న. తాతలనాటి వడ్లు, కాలవెట్ట అని మొండికేసిండు. మీ పేరు చెప్తెనే ఇని కాలవెట్టిండు."