దిగని వేలు

“మళ్లీ తప్పే!” మాస్టారు పియానో అంచు మీద అరచేత్తో చరిచారు.

పక్కన కూర్చున్న ఆవిడ తల దించుకుంది. వయసు నలభై దాటింది. ఈ వయసులో జాజ్ సంగీతం ఏమిటని మాస్టారు మొదట్లోనే మొహం మీద అడిగేశారు. ఆవిడ మాత్రం రావడం మానలేదు.

మళ్లీ మొదలుపెట్టారు. ఎడమ పక్క కింది మెట్ల మీద మాస్టారు మూడు కార్డులు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులు, ఒకదాని వెంట ఒకటి నొక్కుతారు. వాటిమీద ఆవిడ అప్పటికప్పుడు తోచిన వరసని అల్లుకుంటూ పోవాలి. అంతే పాఠం.

“ఎక్కడైనా తిరుగు, ఎలాగైనా తిరుగు. నిన్నెవరూ ఏమీ అనరు. కానీ కింద కార్డు మారిందా, నీ పై స్వరం ఒక్క మెట్టు దిగాలి. పాతదాన్నే పట్టుకు వేలాడావంటే పంటికింద రాయిలా తగులుతుంది.”

“అలాగే మాస్టారూ.”

మొదటి కార్డు. ఆవిడ వేళ్లు చకచకా సాగాయి. మాస్టారి మొహం విప్పారింది. కళ్లు మూసుకుని తల ఊపారు. రెండో కార్డుకి మారారు.

ఆవిడ వేలు ఉన్నచోటే ఉండిపోయింది.

మాస్టారు నెత్తి కొట్టుకున్నారు. “నీకు మొదట నేర్పిన మహానుభావుడు ఎవరమ్మా?”

“ఇంట్లోనే నేర్చుకున్నానండీ.”

“ఆయనకో దండం! మా అమ్మాయి పదేళ్లకే ఈ మెట్టు నిద్రలో దిగేది.”

ఆవిడకి నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసింది. తిట్లంటే ఆవిడకి భయం లేదు. ఎక్కడ రావద్దంటారోనన్నదే భయం.

“రేపు రావచ్చా మాస్టారూ?”

“రాక? ఇది పట్టుబడేదాకా నిన్ను వదుల్తానా?” కసురుకుంటూనే ఆవిడ వేలు పట్టుకుని, ఆ ఒక్క మెట్టూ మెల్లగా దింపించారు. ఆవిడ చాలాసేపు చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

గుమ్మం దగ్గర ఆవిడ చెప్పులేసుకుంటుంటే, కొత్తగా చేరిన వంటావిడ ఉండబట్టలేక అడిగేసింది.

“మొన్న పెద్ద హాల్లో మీరు వాయిస్తే విన్నానమ్మా. జనం లేచి నిలబడ్డారు. ఇక్కడేమో రోజూ అదే తప్పు. కావాలనే చేస్తున్నారు కదూ?”

ఆవిడ లోపలికి ఓసారి తొంగి చూసింది. మాస్టారు ఒక్కరే కూర్చుని ఆ మెట్టు దిగుతూ ఎక్కుతూ ఉన్నారు.

“ఒక్కరోజు సరిగ్గా వాయించాను... ‘మా అమ్మాయి వాయింపుని దొంగిలించావు’ అంటూ నాన్న నన్ను బయటికి గెంటేశారు.”