చేతులు చెప్పని కబురు

"చేతులు కనపడేలా కూర్చో," అన్నాడు రవికిరణ్, ఫోన్ గోడకు ఆనించి. షాలోమి అతని పెదాలు చదివి బుద్ధిగా చేతులు పైకెత్తింది.

పెళ్ళయి ఎనిమిది నెలలు. నూజివీడు అవతల ఈ మామిడితోట గేటు దాటి ఆమె అడుగు బయట పెట్టిందే లేదు. "చెవిటిది, రోడ్డు మీద దానికేం తెలుస్తుంది?" అంటూ మొగుడు తాళం వేసుకుపోతాడు. చింతలపూడిలో ఉన్న అమ్మతో మాట్లాడాలంటే వారానికొక్క వీడియో కాల్. దానికీ అత్త మగ్దలేనమ్మ కాపలా! కోడలి సైగలు నేర్చుకుని మరీ, ప్రతి మాటా కొడుక్కి అప్పజెబుతుంది మహాతల్లి.

అయితే సైగల్లో చేతులు పేరు మాత్రమే చెబుతాయి. అది ఎలాంటిదో చెప్పేది మొహం. బుగ్గలు పూరించి "ఇల్లు" అంటే పెద్ద ఇల్లు. బుగ్గలు లోపలికి పీల్చి అదే సైగ చేస్తే ఊపిరాడని ఇరుకు కొంప. చేతుల మీదే కళ్ళు పెట్టుకున్న ఈ తల్లీకొడుకులకు ఆ సంగతి తెలియదనే షాలోమి ధైర్యం.

తెరమీద తల్లి అమృతమ్మ కనపడి, "ఎలా ఉన్నావమ్మా?" అని సైగ చేసింది.

"ఇల్లు," అంది షాలోమి, బుగ్గలు పీల్చి. "అన్నం," అంది, కళ్ళు చిట్లించి. అంటే గుప్పెడే. "తలుపు," అంది, పళ్ళు బిగబట్టి. అంటే కదలని తలుపు.

తల్లికి అంతా అర్థమైంది. అయినా పైకి నవ్వుతూ, "రేపు మామిడిపళ్ళకొస్తాం, కారులో," అంది. 'కారు' దగ్గర ఆవిడ బుగ్గలు బూరెల్లా పొంగాయి. బండెడు మందితో వస్తున్నారన్నమాట! షాలోమి మొహం మారనివ్వకుండా తలూపింది.

"ఏమందే అమ్మా?" అన్నాడు రవికిరణ్, ఫోన్ ఆపేసి, పక్కనే నిలబడ్డ మగ్దలేనమ్మతో.

షాలోమి అత్త పెదాల వైపు చూసింది.

"ఏముందిరా! ఇల్లూ అన్నమూ అంటూ ఏదో చెప్పింది. వాళ్ళమ్మ రేపు పళ్ళకొస్తుందట."

"రేపు నేను కాయలమ్మడానికి మార్కెట్ యార్డులో ఉంటాను. రెండు బుట్టలు గేటు మీంచి అందించి పంపెయ్."

అతను తాళం వేసి బండెక్కాడు. షాలోమి ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగింది. ఎదురుగా అత్త. గేటు వైపోసారి చూసి, బుగ్గలు బూరెల్లా పూరించి 'కారు' అని సైగ చేసింది.

"నన్నూ తీసుకెళ్ళమ్మా!"