మెట్ల మీద చెప్పులు

సరోజ కవర్లోంచి చెప్పుల జత తీసింది. దుమ్ము కొంగుతో తుడిచింది. బోటెక్కే మెట్ల మీద, నీళ్లకు జానెడు దూరంలో పెట్టింది. రెండడుగులు వెనక్కి వేసి చూసి, ఒక చెప్పును కాస్త పక్కకు తిప్పింది. అప్పుడు చీపురు కింద పడేసి, గుండెలు బాదుకుంటూ అరిచింది.

"నీళ్లల్లో మనిషున్నాడండోయ్! రండి బాబోయ్!"

ఆదివారం పొద్దున ఎనిమిది. బోటింగ్ ఇంకా మొదలు కాలేదు. చెట్ల కింద రసాలు జుర్రుకుంటున్న జనం చేతులైనా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చారు. బోటు నడిపే శౌరి చొక్కా విప్పి దూకాడు. నాలుగుసార్లు మునిగినా అడుగు అందక పైకొచ్చేశాడు.

ఆ చెరువు ఒకప్పటి కంకర క్వారీ. రెడ్డిగూడెం అవతల, రెండు గుట్టల మధ్య నారాయణరావు తవ్వించింది. అది నడిచినన్నాళ్లూ చుట్టుపక్కల మామిడి తోటల్లో ఆకు పచ్చగా కనిపించలేదు. పూత మీద క్రషర్ దుమ్ము కూర్చుంటే పిందె ఏం నిలుస్తుంది? ఇప్పుడక్కడ నెమళ్లు తిరుగుతున్నాయి. పిల్లలు పెడల్ బోట్లు తొక్కుతున్నారు.

మైకు దొరికితే చాలు, నారాయణరావు ఒకటే కథ చెబుతాడు.

"ఉన్నపళంగా నీళ్లు తోడే మోటార్లు ఆపించేశానండీ. ఒక్క రోజులో క్వారీ మానేసి, ఈ లోయను ప్రకృతికి వదిలేశాను."

జనం చప్పట్లు కొడతారు. వచ్చే శనివారం నూజివీడులో ఆయనకు పెద్ద సన్మానం. పర్యావరణ ప్రేమికుడని బిరుదు కూడానట.

సరోజ ఏనాడూ చప్పట్లు కొట్టలేదు. ఆమె మొగుడు అప్పారావు ఆ క్వారీలోనే టిప్పర్ తోలేవాడు. ఆ మోటార్లు ఆగిన రోజే బండితో సహా ఉడాయించాడని నారాయణరావు కేసు పెట్టాడు. చింతలపూడిలో ఇంకో ఆడదానితో ఉన్నాడని ఎవరో పుట్టించారు. పదకొండేళ్లుగా ఊళ్లో ఆమె పేరు సరోజ కాదు, దొంగ పెళ్లాం. మామిడికాయల కోతకు పోతే, సాయంత్రం ఆమె ఒక్కదాని సంచే తడిమి పంపేవారు. స్టేషన్ చుట్టూ తిరిగింది. నారాయణరావు గుమ్మంలో కూలబడి ఏడ్చింది. ఏడుపు అయిపోయాక కసి మిగిలింది. ఆ కసితోనే వచ్చి ఈ పార్కులో ఊడ్చే పని అడిగింది. పాపం అని పనిచ్చానని నారాయణరావు నలుగురికీ చెప్పుకున్నాడు.

ఇప్పుడు ఆయన కారు దిగి, లాల్చీ ఎగ్గట్టుకుని మెట్ల దగ్గరికొచ్చాడు.

"ఎవడో తాగి మర్చిపోయిన చెప్పులు. అవతల పారెయ్యవే."

"నేను ముట్టుకోనండీ. పోలీసు కేసవుద్ది."

ఎస్సై రానే వచ్చాడు. "దూకుతుంటే చూశావా?"

"దూకడం చూళ్లేదండీ. మనిషి మాత్రం లోపలే ఉన్నాడు."

"ఎలా చెప్తున్నావ్?"

"చెప్పులు వదిలినోడు తిరిగి రాలేదు కదండీ."

ఎస్సై లాఠీతో చెప్పును తిప్పి చూశాడు. "బాగా పాతవి. రబ్బరు బీటలిచ్చింది."

"కూలోళ్ల చెప్పులు అట్టాగే ఉంటాయండీ."

నారాయణరావు ఎస్సై భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్లాడు. "మనిషి తప్పిపోయాడని ఒక్క కంప్లైంటన్నా ఉందా అండీ? ఈ నీళ్లు కెలికితే అడుగునున్న పేలుడు మందు మడ్డంతా పైకి తేలుద్ది. పక్షులు చచ్చిపోతాయండీ."

పక్షుల మీద ఆయనకు అంత ప్రేమ ఉందని సరోజకు ఆ రోజే తెలిసింది.

కానీ అప్పటికే యాభై ఫోన్లు చెప్పుల్ని వీడియో తీసేశాయి. పదింటికల్లా గేటు దాకా వచ్చిన కార్లు వెనక్కి తిరగడం మొదలైంది. పదకొండింటికి నూజివీడు నుంచి ఫోనొచ్చింది, సన్మానం వాయిదా అని. విజయవాడ నుంచి సిలిండర్లున్న ఈతగాళ్లు బయల్దేరారని ఎస్సై చెప్పాడు.

నారాయణరావు సరోజను టికెట్ల గది వెనక్కి పిలిచాడు.

"నువ్వే పెట్టావు కదే? కెమెరా చూపించమంటావా?"

"ఆ కెమెరా తీగ కోతులు కొరికి వారమైందండీ. తమరికే చెప్పాను."

"లోపలికి ఎవడూ దూకలేదని నీకూ తెలుసు."

"తమరికి తెలిసినంత నాకేం తెలుసండీ."

ఆయన నుదుటి మీద చెమట పట్టింది. ఆ చెమట చూడటానికే ఇన్నేళ్లు బతికాననిపించింది సరోజకు. ఒక్కో చుక్కా జారుతుంటే కడుపు నిండినట్టయింది. ఆమె రెప్ప వెయ్యకుండా చూసింది.

"సరోజమ్మా," అన్నాడు నారాయణరావు. గొంతు మారిపోయింది. "నా పార్కు నాశనమైంది. పరువు పోయింది. ఇంకేం కావాలమ్మా నీకు? పొరబడ్డానని ఎస్సైగారితో ఒక్క మాట చెప్పు."

"ఇంకా ఈతగాళ్లు దిగలేదు కదండీ."

రెండింటికి దిగారు. మొదటిసారి ఉత్త చేతులతో పైకొచ్చారు. రెండోసారీ అంతే. చూసేవాళ్లకు విసుగొచ్చింది. కానిస్టేబుల్ చెప్పుల్ని సంచిలో పడేయబోతే సరోజ గబుక్కున అడ్డం వెళ్లింది.

"జాగ్రత్తగా పెట్టు నాయనా. పట్టీ తెగుద్ది."

మూడోసారి ఒక ఈతగాడు చాలాసేపు పైకి రాలేదు. వచ్చాక మెట్టు పట్టుకుని, ముఖానికున్న మాస్కు తీసి, కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. నారాయణరావు అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాడు.

"మనిషున్నాడా?" అరిచాడు ఎస్సై.

"ఉన్నాడు సార్, అడుగున బండలు కూలి పడ్డ టిప్పర్లో, స్టీరింగ్ ముందు ఎముకలై ఉన్నాడు."